పదకొండుంపావు అప్పటి నా ముఖం

నా తమ్ముడి ప్రాణం పోతున్న వేళ తీసిన నా ఫోటోను, మనశ్శాంతి అంటే ఇలా ఉండాలని రాసి ఊరూరా అంటించారు. నన్ను అడగలేదు. తీసేయమంటే తీయలేదు. ఆ ఫోటో చూసి వాడి భార్య, నా మరదలు, నాతో మాట మానేసింది.

జరిగిన తప్పు ఇదీ. ఇక మొదటినుంచి చెబుతాను.

మాది మార్కాపురం. రాయి చీల్చి పలకలు చేసే ఊరు. నేను బడి ముఖం చూడలేదు. ఏడో ఏటనే నాయన వెంట గనికి పోయాను. ఫ్యాక్టరీ వెనకాల పనికిరాని పలకలను గుట్టలుగా పోసేవారు. అంచు విరిగినవి, నడుమ చీలినవి. వాటి మీద అరిగిపోయిన బలపం ముక్కలతో, గుమాస్తాను బతిమాలి, అక్షరాలు నేర్చుకున్నాను. విరిగిన పలక మీద కుడివైపు చోటు తక్కువ ఉంటుంది. అందుకని నా గీతలు చివరికి పోయేసరికి కిందికి జారేవి. డెబ్భై దాటినా ఆ జారుడు పోలేదు. ఆ తర్వాత పొట్లాల కాగితాలు, గ్రంథాలయంలో పాత పేపర్లు, ఎవరో పారేసిన పుస్తకాలు. నన్ను కూర్చోబెట్టి చదువు చెప్పినవాళ్ళు లేరు కాబట్టి ఎవరి మాటనైనా ఊరికే నమ్మే అలవాటు కూడా లేదు.

పిల్లలు పలకలు వదిలి నోటుబుక్కుల్లోకి పోయాక అదే రాయిని గోడలకు అంటించే టైల్సుగా కోయడం మొదలైంది. నా చూపు తగ్గాక ఓనరు నన్ను చివరి పనిలో పెట్టాడు. పెట్టెల్లోకి పోయే ముందు ప్రతి టైలునూ మోగించి చూడడం ఆ పని. ఎడమచేతి వేళ్ళ కొసల మీద టైలును నిలబెట్టి, చెవి దగ్గరికి తెచ్చుకుని, కుడిచేతి మెటికతో ఒక్కటి కొట్టాలి. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయినది మొద్దుగా పలుకుతుంది. కంటికి కనబడని పగులు ఉంటే మోత చివర సన్నగా జీర పోతుంది. ఆ జీర పట్టుకోవడానికే నాకు జీతం.

కళ్ళు మూసుకునే కొడతాను. కొట్టినప్పుడు అంచు నుంచి రవ్వలు లేస్తాయి. ఒకటి కంట్లో పడిందంటే ఆ రోజుకు పని లేనట్టే. ఇంకో కారణం నాయన చెప్పింది. చిన్నప్పుడు పలకలు మోగించేటప్పుడు నా ధ్యాస తప్పినట్టు కనిపిస్తే వెనకనుంచి వచ్చి తల మీద మెత్తగా ఒకటి తగిలించేవాడు. "చెవి ఈడ పెట్టురా. ఇంటి కాడ పెట్టినావంటే పగిలింది పోయి పెట్టెలో కూచుంటాది" అనేవాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను యాభై ఏళ్ళకు పైగా బతికాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంట్లో బియ్యం లేని పూట, నా భార్య జ్వరంతో పోయిన నెల, బోర్లు ఎండిపోయి వీధి వీధంతా ట్యాంకరు కోసం కొట్టుకున్న ఎండాకాలం, ఏదైనా సరే, పొద్దున రాయి ముందు కూర్చున్నానంటే ఆ కాసిన్ని గంటలూ నా తలలో మోత, జీర తప్ప ఇంకేమీ ఉండేవి కావు. లేచి ఒళ్ళు దులుపుకున్నాకే బియ్యం గుర్తొచ్చేది. దీనికి పట్నాల్లో ఒక పేరు ఉందనీ, తీరిక లేని మనుషులకు తరగతులు పెట్టి నేర్పుతారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడిది కోత మిషను పని. రాయిని కోసే చక్రం మీద నీళ్ళు పడుతూ ఉండాలి. అప్పుడు దుమ్ము బురదై కిందికి పోతుంది. మా పక్క నీళ్ళ సంగతి చెప్పేదేముంది. ఎండాకాలం రాగానే ఓనరు ఆ పైపు కట్టేయించేవాడు. "రెండు నెలలే కదబ్బా, మూతికి గుడ్డ కట్టుకోండి" అనేవాడు. మావాడు తువ్వాలు కట్టుకుని కోశాడు. ఒక ఎండాకాలం కాదు, ఇరవై. ఇంటికొచ్చి తల విదిలిస్తే బూడిద రంగు పొడి రాలేది. "మా ఇంటాయన ముసలోడై వస్తాడు, నీళ్ళు పోస్తే పడుచోడైతాడు" అని మరదలు నవ్వేది. చివరికి వాడి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు ఆమె ఆ నవ్వు మానేసింది.

మా రెండిళ్ళకూ నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. నా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. పొద్దున పనికి పోయే ముందు మరదలు ఆ గోడ మీద కూర గిన్నె పెట్టేది. పిలిచేది కాదు. గిన్నె అంచు మీద గరిటెతో ఒకసారి కొట్టేది. ఆ మోత విని నేను లేచి వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి మా మధ్య నడిచిన మాటల్లో ఆ మోతే ఎక్కువ.

తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు పొద్దున, పనికి పోతూ దారిలో వాణ్ణి చూసి పోయాను. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది.

"మళ్ళా ఎప్పుడొస్తావన్నా?" అన్నాడు.

"సెలవడిగి మధ్యాన్నానికే వస్తాలే."

ఫ్యాక్టరీకి పోగానే ఓనరును అడిగాను.

"ఈ పొద్దు వద్దులే పెద్దాయనా," అన్నాడు. "క్లాసు వాళ్ళు వస్తా ఉన్నారు. ఫోటోలు గీటోలు తీస్తారంట. మన కాడ పాతకాలం పనోడివి నువ్వొక్కడివే మిగిలింది. అది అయినాక పో, నేనేమన్నా కాదంటానా."

"మా తమ్మునికి బాగలేదయ్యా."

"తెలుసులే. ఏదన్నా ఉంటే ఫోను రాదా? నీ ఫోను నా బల్ల మీదనే కదా ఉండేది."

పనిలో ఉన్నంతసేపూ ఫోన్లన్నీ ఆఫీసు గదిలో ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలని మా ఫ్యాక్టరీలో నియమం. ఫోను మోగితే చేతిలోని టైలు జారుతుందట. నా ఫోను ఆ ట్రేలో పెట్టి లోపలికి పోయాను.

ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు చెప్పడానికి వచ్చింది ఒక మేడం. వెంట కెమెరా మనిషి, నడివయసువాడు. ఆమె మంచి మనిషిలాగే కనిపించింది. మమ్మల్ని ఏకవచనంతో పిలవలేదు. కోత షెడ్డులో మిషన్లు ఆపించి, నేల ఊడిపించి, జంపఖానాలు పరిపించాడు ఓనరు. ఊడ్చారంటే దుమ్ము లేపారని అర్థం. ఆ దుమ్ములోనే అందరం కూర్చున్నాం.

"కళ్ళు మూసుకోండి. లోతుగా గాలి పీల్చండి. ఆ గాలి మీ లోపల ఎక్కడిదాకా పోతోందో గమనించండి," అంది మేడం.

పీల్చాం. మూలన ఒకడు దగ్గాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ దగ్గు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. పెట్టెలు మోసే ఆమె కళ్ళు తెరవకుండానే అంది, "ఎక్కడిదాకా పోతాదో మాకు తెలుసు మేడం. ఎక్సురేలో చూపించినారు."

జనం నవ్వారు. సంగతి తెలియక మేడం కూడా నవ్వింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు పాదాలు నేలకు ఎలా ఆనుతున్నాయో చూసుకోమంది. నీళ్ళు తాగేటప్పుడు ఆ చల్లదనం గొంతులోంచి దిగడాన్ని గమనించమంది.

"ముందు కుళాయిలో నీళ్ళు రానీ మేడం. దినమంతా గమనిస్తాం," అన్నాడు నా పక్కనున్నవాడు.

ఆమె చెప్పినవి చెడ్డ మాటలు కావు. నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఎదురుగా ఓనరు కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు చూడండి, అదీ నాకు మింగుడుపడలేదు. నీళ్ళ పైపు విప్పాల్సిన మనిషి, మా ఊపిరిని మేమే చక్కదిద్దుకోవాలనే మాటకు తల ఊపుతున్నాడు.

క్లాసు అయ్యాక వాళ్ళు ఆఫీసు గదిలో టీ తాగుతున్నారు. నేను నా చోటికి పోయి, కిటికీ కింద కూర్చుని, మిగిలిన వరస తొందరగా ముగిద్దామని టైలు చేతికి తీసుకున్నాను. పొద్దుటినుంచి తమ్ముడి ముక్కుకున్న గొట్టమే కళ్ళ ముందు ఆడుతోంది. కళ్ళు మూసుకుని మెటికతో కొట్టాను. రెండు టైల్సు కొట్టాక గొట్టం కనిపించడం ఆగింది. కెమెరా నా దగ్గరికి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

వాళ్ళ కారు గేటు దాటాక ఓనరు వచ్చాడు.

"పెద్దాయనా, ఫోనొచ్చింది. మీ తమ్మునికి కొంచెం ఎక్కువగా ఉందంట. పో."

ఎప్పుడొచ్చిందని నేను అడగలేదు. అడగాలని తోచలేదు. రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆటో రావడానికి కొంత ఆలస్యమైంది. ఎక్కాక పావుగంట దారి. నేను పోయేసరికి వాడి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

"ఇంతసేపు చేసినావేంది బావా," అంది మరదలు. "అన్న వస్తా ఉన్నాడా అని అడిగి అడిగి, తలుపు కాడికే చూస్తా పోయినాడు."

"ఆటో దొరకలేదమ్మా," అన్నాను. అదే నిజమనుకున్నాను.

ఓనరు వచ్చి దండ వేసి పోయాడు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు మరదలు గిన్నె లేకుండా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మందుల షాపు తలుపు మీద నీ బొమ్మ ఉంది బావా."

"నా బొమ్మ ఏంది?"

"పోయి చూసుకో. ఆ క్లాసు వాళ్ళది. ఆ పొద్దు తీసిందే. నేను నీకు ఫోను చేసింది పదకొండు కూడా కాకముందే. డాక్టరు వచ్చి ఇంక మీవాళ్ళను పిలిపించుకోమన్నాడు, అప్పుడే చేసినా. ఫోను తీసింది మీ ఓనరు. ఇప్పుడే చెప్తానమ్మా, పంపిస్తా అన్నాడు. ఆ బొమ్మలో నీ వెనక గోడ గడియారం ఉంది. పదకొండుంపావు చూపిస్తా ఉంది. ఆ టయానికి నీ ముఖం ఎట్లుందో తెలుసా? పాలు తాగి పండుకున్న బిడ్డ ముఖం మాదిరి ఉంది."

"నాకు చెప్పలేదమ్మా. వాళ్ళు పోయినాకనే చెప్పినాడు."

"నిన్న పోయి మీ ఓనరును అడిగినా. ఫోను పెట్టేసినాక నేరుగా నీ కాడికే వచ్చి చెప్పినానన్నాడు. ఈ వరస అయినాక పోతాలే అని నువ్వే అంటివంట."

నాకు నోట మాట రాలేదు. రాకపోవడమే నేరం ఒప్పుకున్నట్టు అయింది. ఆమె లోపలికి పోయింది. మర్నాటినుంచి గోడ మీద గిన్నె లేదు.

మందుల షాపుకు పోయి చూశాను. నిలువెత్తు కాగితం. పైన "ఈ క్షణంలో ఉండండి" అని పెద్ద అక్షరాలు. కింద నేను. కళ్ళు మూసుకుని, తల కొంచెం వాల్చి, చెవి పక్కన నల్లటి టైలు పట్టుకుని. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నా భుజం మీద పడుతోంది. ఆ ఎండలో సన్నటి చుక్కలు బంగారంలా మెరుస్తున్నాయి. చూసినవాళ్ళు అదేదో దైవకాంతి అనుకుంటారు. అది దుమ్ము. నా తమ్ముడి ఛాతీలో పేరుకుని గట్టిపడింది ఆ దుమ్మే. నా వెనక గోడ మీద గడియారం, మరదలు చెప్పినట్టే, పదకొండుంపావు.

పదకొండు కాకముందు కబురు అందితే పదకొండుంపావుకు నేను వాడి మంచం పక్కన ఉండేవాణ్ణి. పన్నెండు దగ్గర పడేదాకా వాడికి తెలివి ఉందని మరదలే చెప్పింది.

అటునుంచి అటే ఓనరు దగ్గరికి పోయాను.

"చెప్పినా కదా పెద్దాయనా," అన్నాడు. కళ్ళలోకి చూసే అన్నాడు. "నువ్వే నాలుగు టైల్సు కొట్టి పోతానంటివి. వయసు మీద పడినాక ఇట్లాంటివి మామూలేలే. మరిచిపోయినావు."

నా మతిమరుపు గురించి ఆయన చెబుతున్నాడు. మా తాలూకాలను కర్నూలు జిల్లానుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన ఏడాది, తాలూకా ఆఫీసు బోర్డుకు వేసిన రంగు వానకు కారి గోడ మీద చారలు కట్టడం నాకు గుర్తుంది. నాయన నా చెవి దగ్గర కొట్టి వినిపించిన మొదటి పలక మోత గుర్తుంది. ఏ ఎండాకాలం ఏ రోజున పైపు కట్టారో, దాని మీద గోనెపట్టా ఎవరు చుట్టారో గుర్తుంది. అలాంటి నేను, నా తోడబుట్టినవాడి ఆఖరి కబురు విని మరిచిపోయానట. ఆ రోజే పని మానేశాను. అయినా దాచేదేముంది, ఆయన అంత తొణక్కుండా చెప్పేసరికి కొన్నాళ్ళపాటు నా మీద నాకే అనుమానం వచ్చింది. టైలు కొడుతున్నప్పుడు నాకు వేరే ఏదీ వినపడదు కదా. నిజంగానే వచ్చి చెప్పాడేమో, నా చెవి రాయి దగ్గర ఉండి మనిషి మాట వినలేదేమో అని.

ఊళ్ళో నన్ను ధ్యానం తాత అనడం మొదలుపెట్టారు. కూరగాయల అంగడి దగ్గర బేరం కుదరక నేను గట్టిగా మాట్లాడితే, "ఏంది తాతా, బొమ్మలో అంత చల్లగా ఉండి ఈడ ఇట్ల వేడెక్కుతావు" అని నవ్వేవారు. దోర్నాలలో కూడా ఆ కాగితం ఉందని ఎవరో చెబితే బస్సెక్కి పోయాను. శ్రీశైలం పోయే బస్సులు ఆగే హోటల్లో, గల్లాపెట్టె వెనక గోడ మీద నేనే.

హోటలాయన నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. "ఏందయ్యో, గోడలోంచి దిగొచ్చినావా? కూచో, టీ తాగు."

"టీ వద్దు నాయనా. అది తీసేయి."

"ఎందుకు తాతా? శివరాత్రి రద్దీలో మా వంటోళ్ళకు కోపాలొస్తే దాని ముందుకు పోయి నిలబడి రమ్మంటా. నిజంగానే పనిచేస్తాది. నాక్కూడా బీపీ తగ్గింది."

అది తీసిన వేళకు నా తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పాను. ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు గోడ వైపే చూశాడు.

"తీసేద్దును తాతా," అన్నాడు చివరికి. "దాని వెనక గోడ పెచ్చులూడి ఉంది."

నేను ఆ తరగతుల వాళ్ళకు ఉత్తరం రాశాను. ఫోటో తీసేయమని, అప్పుడు జరిగింది ఏమిటో మీరు చూసినంతవరకు రాసివ్వమని. జవాబు లేదు. రెండో ఉత్తరానికి రంగుల కాగితం ఒకటి పంపారు, తరగతుల వేళలతో. అందులోనూ నా ఫోటోనే. మూడోది రిజిస్టర్డు పోస్టులో, చేరినట్టు సంతకం వచ్చేలా పంపాను. సంతకం వచ్చింది, జవాబు రాలేదు. ఆ రంగుల కాగితంలో ఉన్న ప్రకారం గిద్దలూరులో తరగతి ఉందని చూసి, పొద్దున్నే బస్సెక్కాను.

ఫంక్షను హాలు నిండా జనం. టీచర్లు, దుకాణాలవాళ్ళు, బ్యాంకు వాళ్ళు. అందరూ నిజంగానే అలసిపోయిన ముఖాలతో ఉన్నారు. వాళ్ళను చూస్తే నాకు కోపం రాలేదు. వెనక కుర్చీలో కూర్చున్నాను. మేడం తెర మీద నా ఫోటో వేసింది.

"ఈ పెద్దాయన ముఖం చూడండి. ఇందులో నిన్నటి బాధ లేదు, రేపటి భయం లేదు."

నేను లేచి నిలబడ్డాను. "ఆ పొద్దు మధ్యాన్నం సంగతి కూడా లేదు మేడం."

తలలు తిరిగాయి. నన్ను గుర్తుపట్టి ముందు వరసలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడి, తర్వాత చెప్పాను. ఆసుపత్రి, ఫోను, గడియారం, గోడ మీద రాని గిన్నె. పెద్దగా అరవలేదు. తెర మీద ఆ గడియారం ఇంత పెద్దదై కనిపిస్తోంది, చూపుడువేలితో దాన్నే చూపించాను.

మేడం తెర మీది గడియారం వైపు తిరిగి చూసింది. తర్వాత చాలా మెత్తగా అడిగింది, "పెద్దాయనా, నన్ను తప్పుగా అనుకోకండి. ఆ ఒక్క క్షణం మీ మనసు నిజంగా నెమ్మదిగా లేదా?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. లేదు అంటే సరిపోయేది. కానీ నేను తల దించుకున్నాను. ఎందుకంటే ఉంది. ఆ పదకొండుంపావుకు నా మనసులో తమ్ముడు లేడు. మోత ఉంది, జీర ఉంది. నాయన నేర్పిన పని, కష్టం వచ్చినప్పుడల్లా నన్ను కాపాడిన పని, ఆ పూట నా చేతనే నా తమ్ముణ్ణి బయట నిలబెట్టించింది. వాడు తలుపు వైపు చూస్తుంటే నేను రాయిని విన్నాను. ఈ విద్య పనిచేయదని నేను ఎవరితోనూ వాదించను. పనిచేస్తుంది. అందుకే అది ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. నా అంతట నేను రాయి ముందు కూర్చుంటే అది నాకు గొడుగు. నీళ్ళ పైపు కట్టేసినవాడు, సెలవు ఇవ్వనివాడు, వచ్చిన కబురు చెప్పనివాడు నన్ను కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే అది నా కళ్ళకు కట్టిన గంత. ఆ మాట అక్కడ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక తోచింది.

అక్కడ మాత్రం ఇంతే అన్నాను. "నా మనసు సంగతి నా దగ్గర ఉండనీ మేడం. నేను అడిగేది ఒక్కటి. మీరు ఆ గదిలో ఉన్నారు. కబురు విని నేను ఫోటోకు కూచున్నానా, ఫోటో అయినాక నాకు కబురు చెప్పినారా? నా మరదలికి చూపించుకోవాల. ఒక కాగితం ముక్క రాసివ్వండి."

ఆమె పక్కన నిలబడ్డ కెమెరా మనిషి వైపు చూసింది. ఆయన నేల చూశాడు. ఆ చూపు చూడగానే నా అనుమానం పోయింది. నాకెవరూ చెప్పలేదు. నేను మరిచిపోలేదు.

"రాసి పంపిస్తాను," అంది మేడం.

ఆ తర్వాత చాలాకాలం ఏమీ రాలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు నెమ్మది లేదు. గడియారం ముల్లు కనిపిస్తుంది. కొట్టి వినడానికి టైలు లేదు. పొద్దున లేచి మంచం మీద కూర్చుని గోడ అవతల గిన్నెల చప్పుడు వింటాను. మరదలు అన్నం వండుకుంటుంది, కూర దించుకుంటుంది, గరిటె కడిగి బోర్లిస్తుంది. ఆ చప్పుళ్ళన్నీ నాకు విడివిడిగా తెలుస్తాయి. గిన్నె అంచు మీద కొట్టే ఆ ఒక్కటి మాత్రం ఉండదు.

పోయిన వారం పోస్టుమాను ఒక కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అచ్చు కాగితం కాదు, మేడం తన చేత్తో రాసింది. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"పెద్దాయన గారికి నమస్కారం. మేము టీ తాగుతుండగా మీ ఫోను మోగింది. మీ ఓనరు గారు మాట్లాడి పెట్టేశారు. మీ తమ్ముడికి బాగాలేదట, ఇప్పుడే చెబితే ఆయన ముఖం మారిపోతుంది, మీకు కావలసిన ఫోటో రాదు, ముందు తీసుకోండి, పది నిమిషాలు ఆగి నేను చెబుతాను అన్నారు. నేను వద్దనలేదు. ఆ తర్వాతే మేము మీ దగ్గరికి వచ్చాం. అప్పటికి మీకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ మరదలు గారికి ఈ ఉత్తరం చూపించండి. కొత్త పోస్టర్లు వేయించేటప్పుడు మీ ఫోటో తప్పకుండా తీసేస్తాం. పాతవి ఇంకా రెండు కట్టలు ఉన్నాయి. అవి అయిపోనివ్వండి."